ట్రయల్ కాకముందే డోవెల్ కొట్టేసిన ఫెరారీ

2025 నవంబర్‌లో బ్రెజిల్ గ్రాండ్ ప్రీలో రెండు ఫెరారీలూ రేసు పూర్తి చెయ్యలేదు. మర్నాడు కంపెనీ చైర్మన్ జాన్ ఎల్కాన్ మీడియా ముందు తన లెక్క చెప్పాడు. మెకానిక్కులు బాగా పనిచేస్తున్నారట. ఇంజినీర్లు కారుని మెరుగుపరిచారట. మిగతాదే ఆ స్థాయిలో లేదట. డ్రైవర్లు మాటలు తగ్గించి కారు నడపడం మీద దృష్టి పెడితే మంచిదట. బ్రెజిల్ రేసుకి ముందురోజే అదే కంపెనీ గంటల తరబడి సాగే ఎండ్యూరెన్స్ రేసింగ్‌లో ప్రపంచ టైటిల్ కొట్టింది కాబట్టి, ఆయనకి ఫార్ములా వన్ మీద ఒళ్ళు మండి ఉండొచ్చు.

ఆ వార్త మా వాట్సాప్ గ్రూపులో పడగానే సగం మంది ఎల్కాన్ పక్షం చేరిపోయారు. హైదరాబాద్‌లో ఫార్ములా వన్ చూసేవాళ్ళం ఈ అయిదారేళ్ళలో బాగా పెరిగాం. యూరప్ రేసులు చాలావరకు మనకి ఆదివారం సాయంత్రం ఆరున్నరకి మొదలవుతాయి కాబట్టి ఇంట్లో పెద్ద గొడవ కూడా ఉండదు. "నలభై ఏళ్ళ మనిషిని అంత డబ్బు పోసి తెచ్చుకున్నారు, ఇంకేం ఆశిస్తాం బావా" అన్నది ఆ రోజు గ్రూపులో ఎక్కువమందికి నచ్చిన మెసేజ్. ఆ ఏడాదే మెర్సిడెస్ నుంచి ఫెరారీకి వచ్చిన లూయిస్ హామిల్టన్ గురించే ఆ మాట. అతన్ని తిట్టడానికి మనవాళ్ళకి పెద్ద కారణం అక్కర్లేదు. షూమాకర్ రోజుల నుంచీ ఎరుపు చొక్కా వేసుకు తిరిగే పాత ఫెరారీ అభిమానులైతే మరీను. మెర్సిడెస్‌లో ఉన్నన్నాళ్ళూ తిట్టిన మనిషిని ఇప్పుడు మెచ్చుకోవాలంటే వాళ్ళకీ కష్టమే.

నా వాదన వేరు. ఫెరారీ 2025 సీజన్ డ్రైవర్లు సీట్లో కూర్చోకముందే సగం తేలిపోయింది. అలాగని ఇంజినీర్లు తెలివితక్కువ పని చేశారనీ అనను. వాళ్ళ నిర్ణయాల్లో ఏ ఒక్కదాన్ని విడిగా చూసినా సమంజసంగానే ఉంటుంది. కొత్తదనానికి పోవడం తప్పు కాదు. అది ట్రాక్ మీద పనిచేస్తుందో లేదో తెలియకముందే, సీజన్ మధ్యలో విప్పడానికి వీల్లేని చోట బిగించుకోవడం తప్పు.

ముందు వాళ్ళ పక్షాన నిలబడి ఆలోచిద్దాం. 2024లో ఫెరారీ అయిదు రేసులు గెలిచింది. టీముల టైటిల్‌ని మెక్‌లారెన్‌కి కేవలం 14 పాయింట్ల తేడాతో, 652కి 666తో పోగొట్టుకుంది. "అంత దగ్గరికొచ్చిన కారుని పక్కన పడేసి దాదాపు అంతా కొత్తది ఎందుకు కట్టారు?" అని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. ఫలితం చూశాక అడగడం తేలికే. 2022లో మొదలైన రూల్స్ అప్పటికి మూడేళ్ళ పాతబడ్డాయి. పాత కారులో ఇంక పిండుకోవడానికి పెద్దగా మిగల్లేదని టీం అనుకుంది. అటు మెక్‌లారెన్ ఏడాది పొడుగునా పైకి ఎక్కుతూ వచ్చింది. ఫెరారీ అదే కారుని కాస్త మెరుగులు దిద్ది తెచ్చుంటే రెండో స్థానమో మూడో స్థానమో ఖాయం, టైటిల్ మాత్రం దక్కేది కాదు. గెలవాలన్న టీం రిస్క్ తీసుకోవడం న్యాయమే. ఆ మాటకొస్తే మెక్‌లారెన్ కూడా 2025కి ముందు సస్పెన్షన్‌ని బాగా తెగించి మార్చింది, ఆ కారుతోనే రెండు టైటిళ్ళూ పట్టుకెళ్ళింది.

ఫెరారీ ఏం మార్చింది? అందరికీ కనిపించింది ముందు సస్పెన్షన్. అంతకు ముందు మూడేళ్ళూ పుష్ రాడ్ వాడారు. చక్రం కింది భాగం నుంచి కారు ముక్కు పైభాగానికి ఏటవాలుగా ఎక్కే రాడ్ అది. చక్రం లేస్తే, లోపల స్ప్రింగుల్ని కదిలించే రాకర్‌ని నెడుతుంది. దాన్ని పుల్ రాడ్ చేశారు. ఇది చక్రం పైభాగం నుంచి కిందికి దిగి రాకర్‌ని లాగుతుంది. కుషన్ కోసమో సుఖం కోసమో చేసిన మార్పు కాదిది, పూర్తిగా గాలి కోసం. ముందు రెక్క దాటి వచ్చే గాలి ఫ్లోర్ (కారు అడుగు భాగం) కిందికి శుభ్రంగా చేరాలి, దానికి అడ్డం తగ్గాలి. రెడ్ బుల్, మెక్‌లారెన్ 2022 నుంచీ చేస్తున్నదే. పనిలో పనిగా డ్రైవర్ కూర్చునే చోటుని కాస్త వెనక్కి జరిపారు, ముందు చక్రాలకీ సైడ్‌పాడ్‌కీ (కారు పక్కన ఉబ్బెత్తుగా ఉండే భాగం) మధ్య గాలికి చోటు పెరిగింది. ఇంతవరకూ తప్పు పట్టడానికేమీ లేదు. పుల్ రాడ్‌లో రాకర్, స్ప్రింగులు కిందికి పోతాయి కాబట్టి సెటప్ మార్చాలంటే మెకానిక్ చెయ్యి దూర్చడం కష్టం. ఆ ఇబ్బంది తెలిసే ఒప్పుకున్నారు.

చిక్కు వేరే చోట వచ్చింది, కారు నేలకి ఎంత ఎత్తులో నడవాలన్న దగ్గర.

2022 నుంచి 2025 దాకా నడిచిన కార్లకి డౌన్‌ఫోర్స్‌లో, అంటే కారుని నేలకి నొక్కే బలంలో, పెద్ద వాటా ఫ్లోర్ నుంచే వస్తుంది. ఫ్లోర్ అడుగున సొరంగాల్లాంటి దారులుంటాయి. అందులోంచి గాలి వేగంగా పోతుంటే ఒత్తిడి పడిపోయి కారు నేలకి అతుక్కుంటుంది. నేలకి ఎంత దగ్గరగా ఉంటే అంత పట్టు. అయితే ఆ పట్టు వేగంతో పాటు పెరుగుతుంది. స్ట్రెయిట్ (మలుపు లేని తిన్నటి దారి) చివర గంటకి 300 కిలోమీటర్లు దాటినప్పుడు గాలే కారుని నొక్కేస్తుంది, నెమ్మది మలుపులో వదిలేస్తుంది. కాబట్టి నెమ్మది మలుపులో సరిగ్గా ఉండేంత కిందికి దించితే స్ట్రెయిట్ చివర అడుగు నేలని గీసుకుంటుంది. స్ట్రెయిట్‌లో సరిపోయేంత ఎత్తుకి లేపితే మలుపుల్లో పట్టు పోతుంది. పైగా రేసు మొదట్లో వంద కిలోల దాకా ఇంధనం ఉంటుంది, చివరికి దాదాపు ఖాళీ. కారు ఎత్తు లాప్ లాప్‌కీ మారుతూ పోతుంది. వీటన్నిటి మధ్యా కారుని కొద్ది మిల్లీమీటర్ల మేరలో నిలబెట్టడం సస్పెన్షన్ పని. ఈ నాలుగేళ్ళ కార్లకి అంతకంటే ముఖ్యమైన పని ఇంకోటి లేదనే అంటాను.

మరీ కిందికి దించేయకుండా కాపలా ఒకటుంది, అడుగున బిగించే ప్లాంక్ అనే పలక. 1994లో డ్రైవర్ సెన్నా రేసులో ప్రమాదం జరిగి చనిపోయాక అదే సీజన్ మధ్యలో తెచ్చిన రూల్ అది. పలక మందం 10 మిల్లీమీటర్లు. రేసు అయ్యాక కొలిస్తే 9కి తగ్గకూడదు. తగ్గితే బయటికే. కావాలని చేశావా, పొరపాటున జరిగిందా అని ఎవరూ అడగరు.

2025 రెండో రేసు, చైనా. శనివారం స్ప్రింట్‌ని (అసలు రేసుకి ముందు జరిగే చిన్న రేసు) హామిల్టన్ పోల్ నుంచి, అంటే వరసలో అందరికంటే ముందు నుంచి, మొదలుపెట్టి గెలిచాడు. మా గ్రూపులో ఆ మధ్యాహ్నం గోల అంతా ఇంతా కాదు. ఎనిమిదో టైటిల్ వచ్చేసినట్టే మాట్లాడారు, ఇప్పుడు తిడుతున్నవాళ్ళే. స్ప్రింట్ అయ్యాక సెటప్ మార్చారు, ఆదివారం కారు మారిపోయింది. రేసులో ఫెరారీ రెండో డ్రైవర్ లెక్లెర్‌ది 5వ స్థానం, హామిల్టన్‌ది 6. కొన్ని గంటల తర్వాత ఇద్దరినీ తీసేశారు. లెక్లెర్ కారు 799 కిలోలు తూగింది, ఉండాల్సింది 800. అది వేరే కథ, టైర్లు మరీ అరిగిపోయి బరువు తగ్గింది. హామిల్టన్ కారు పలక మాత్రం 8.5, 8.6 మిల్లీమీటర్ల దగ్గరికి అరిగిపోయింది. ఒక్క దెబ్బకి 18 పాయింట్లు పోయాయి. పాయింట్లు పోతే పోయాయి, ఫెరారీకి అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి జరిగింది. ఆ రోజు నుంచి వాళ్ళు ఏ ట్రాక్ మీదా కారుని దాని ఫ్లోర్ కోరుకున్న ఎత్తుకి దించడానికి ధైర్యం చెయ్యలేదన్నది ప్యాడాక్‌లో, అంటే ట్రాక్ పక్కన టీములుండే చోట, వినిపించిన మాట. ఏడాది పొడుగునా రేడియోలో డ్రైవర్లకి స్ట్రెయిట్ చివర యాక్సిలరేటర్ వదిలేసి కాస్త తేలమని చెప్పడం వింటూనే ఉన్నాం. కొన్నిసార్లు అది బ్రేకుల వేడి కోసం, కొన్నిసార్లు పలక కోసమని అందరి అనుమానం.

హంగరీ చూడండి. ఆగస్టు 2న లెక్లెర్ పోల్ కొట్టాడు. ఆ ఏడాది గ్రాండ్ ప్రీలలో ఫెరారీకి దక్కిన ఒకే ఒక్క పోల్ అది. రేసులో చాలాసేపు గెలిచే కారులాగే ఉంది. చివరి భాగంలో ఒక్కసారిగా నీరసపడి నాలుగో స్థానానికి జారింది. చాసీలో (కారు అసలు చట్రం) సమస్య అన్నాడు లెక్లెర్. పలక కాపాడుకోవడానికి టైర్లలో గాలి ఎక్కువ పెట్టి కారుని పైకి లేపారేమో అని మెర్సిడెస్ డ్రైవర్ జార్జ్ రసెల్ బయటికే అన్నాడు. పోటీవాడి మాట కాబట్టి అందులో కొంత తీసేద్దాం. అయినా ఖాళీ ట్యాంకుతో ఒక్క లాప్‌లో అందరికంటే ముందున్న కారు రేసులో ఎందుకు నిలవలేదన్న ప్రశ్న అలాగే ఉంది.

ఫెరారీ చివరికి వెనక సస్పెన్షన్ మార్చింది. ఎప్పుడు? బెల్జియంలో. 24 రేసుల్లో పదమూడోది. అందుకు సోమరితనం కారణం కాదు. వెనక విష్‌బోన్‌లు (చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీలు) గేర్‌బాక్స్ కేసింగ్‌కి ఎక్కడ తగులుకుంటాయి, ఏ వాలులో ఉంటాయి అన్నదాన్ని బట్టే బ్రేక్ వేసినప్పుడు వెనక ఎంత లేస్తుందో, గ్యాస్ ఇచ్చినప్పుడు ఎంత కుంగుతుందో తేలుతుంది. ఆ చోట్లు చలికాలంలోనే ఖాయమైపోతాయి. మార్చాలంటే కొత్తగా గీయాలి, క్రాష్‌కీ బరువుకీ లెక్క చూడాలి, కార్బన్ పరవాలి, రిగ్ మీద విరగ్గొట్టి చూడాలి. దాని చుట్టూ గాలి దారి మారుతుంది కాబట్టి మళ్ళీ విండ్ టనెల్ (కారు నమూనా మీద గాలి వదిలి పరీక్షించే చోటు). వీటన్నిటికీ ఖర్చు పరిమితి ఉంది, టనెల్ గంటలకీ పరిమితి ఉంది. ఈలోగా ఏప్రిల్ చివర్లోనే ఏరోడైనమిక్స్ పనిని 2026 కారు మీదికి మళ్ళించేశామని టీం ప్రిన్సిపాల్ ఫ్రెడ్ వాసర్ సీజన్ చివర్లో చెప్పాడు. అంటే అయిదారు రేసులకే ఈ కారుని వదులుకున్నారు. ఇది ఎల్కాన్‌కి తెలియదా? తెలిసే ఉంటుంది. తెలిసీ డ్రైవర్లని అనడమే నాకు మింగుడుపడలేదు.

నా పని గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. బాలానగర్ టూల్‌రూముల్లో ఫిక్చర్లు డిజైన్ చేస్తాను. మిషన్ మీద జాబ్‌ని (చెక్కాల్సిన లోహపు ముక్క) కదలకుండా పట్టి ఉంచేది ఫిక్చర్. దాని ముక్కల్ని ముందు స్క్రూలతో బిగిస్తారు, స్క్రూ రంధ్రంలో కాస్త ఆట ఉంటుంది. ట్రయల్ జాబ్ పెట్టి కొలిచి, లొకేటర్‌ని అటో ఇటో జరిపి, షిమ్ (పలచని రేకు) వేసో తీసో సరి చేసుకుంటారు. అంతా కుదిరాకే రంధ్రం వేసి, రీమర్ తిప్పి, డోవెల్ పిన్ కొడతారు. డోవెల్ పడ్డాక ఇంక అది కదలదు. కొత్తగా చేరిన ఇంజినీర్లు డ్రాయింగ్‌లో కొలత కరెక్టుగా ఉంది కదా అని మొదట్లోనే డోవెల్ కొట్టమంటారు. పాత ఫిట్టర్లు వినరు. "డ్రాయింగ్ నీది సార్, జాబ్ మిషన్‌ది" అంటారు. ఫార్ములా వన్ ఇంజినీర్లకి ఇది నేర్పేంతటివాణ్ణి కాదు గానీ, 2025లో మెర్సిడెస్ చేసింది చూస్తే మా ఫిట్టర్లే గుర్తొచ్చారు.

మెర్సిడెస్ కూడా ఆ ఏడాది సస్పెన్షన్‌తోనే తప్పు చేసింది. ఇమోలాలో కొత్త వెనక సస్పెన్షన్ తెచ్చారు. నచ్చక తీసేశారు. కెనడాలో మళ్ళీ పెట్టారు, రసెల్ గెలిచాడు. దాంతో అది మంచిదే అనుకున్నారు. ఆ తర్వాత కారు వెనక భాగం మీద డ్రైవర్లకి నమ్మకం పోయింది. కుర్రాడు ఆంటొనెల్లి అయితే యూరప్ రేసుల్లో పూర్తిగా తేలిపోయాడు. హంగరీ వచ్చేసరికి దాన్ని విప్పేసి పాతది బిగించారు. కెనడా గెలుపు సాక్షిగా తమని తామే మోసం చేసుకున్నామని వాళ్ళకి అర్థమైంది. ఆంటొనెల్లి కోలుకున్నాడు, ఏడాది చివర్లో మళ్ళీ మొదటి ముగ్గురిలో నిలిచి పోడియాలెక్కాడు, టీం 469 పాయింట్లతో రెండో స్థానంలో ముగించింది. ఫెరారీకి 398, నాలుగో స్థానం, ఒక్క గ్రాండ్ ప్రీ గెలుపు లేదు. రెండు టీములూ ఒకే రకం చోట తప్పు చేశాయి. ఒకరి దగ్గర పాత ముక్క స్టోర్‌లో ఉంది, పాత గేర్‌బాక్స్‌కే అది తగులుకుంటుంది. రెండోవాళ్ళు కొత్తది గీసుకోవాల్సి వచ్చింది.

మెక్‌లారెన్ ఇంకో మెట్టు పైన ఉంది. ముందు చక్రాల దగ్గర ఏం జరుగుతోందో స్టీరింగ్‌లో చేతికి తెలియడం లేదని నోరిస్ ఫిర్యాదు. కెనడాలో అతని కోసం ముందు సస్పెన్షన్ జ్యామెట్రీ కొద్దిగా మార్చి ఇచ్చారు. అతను అదే ఉంచుకున్నాడు. పియాస్ట్రి నాకు పాతదే చాలన్నాడు. ఒకే టీం, ఒకే ఏడాది, రెండు సస్పెన్షన్లు. ఇలా చెయ్యగలగాలంటే డిజైన్ బల్ల దగ్గరే ఎవరో ఆ చోటు వదిలిపెట్టి ఉండాలి. లాప్ టైమ్ షీట్‌లో ఆ చోటు కనిపించదు. చలికాలం మీటింగులో "ఇక్కడ ఇంత ఖాళీ ఎందుకు, ఇది తీసేస్తే ఇంత బరువు తగ్గుతుంది" అని ఎవరో ఒకరు అడుగుతారు కూడా. ఏ ఆఫీసులోనైనా అడుగుతారు.

విప్పుకోలేని నిర్ణయాల చరిత్రలో 2022 మెర్సిడెస్‌ని తలుచుకోకపోతే ఎలా. బార్సిలోనా టెస్టుకి మామూలు సైడ్‌పాడ్లతో వచ్చి, బహ్రెయిన్ టెస్టుకి దాదాపు సైడ్‌పాడ్లే లేని కారు తెచ్చారు. అందరం నోరు తెరిచి చూశాం. విండ్ టనెల్‌లో ఆ కారుకి నేలకి బాగా దగ్గరగా అద్భుతమైన డౌన్‌ఫోర్స్ ఉంది. ట్రాక్ మీద ఆ ఎత్తులో నడపలేకపోయారు. కారు వేగం పెరిగేకొద్దీ నేలకి అంటుకుంటుంది, ఒక హద్దు దాటగానే కింద గాలి తెగిపోతుంది, పట్టు పోయి కారు లేస్తుంది, లేవగానే మళ్ళీ గాలి ఆడి కిందికి లాగుతుంది. సెకనుకి కొన్నిసార్లు ఇదే. బాకూలో రేసు అయ్యాక హామిల్టన్ నడుం పట్టుకుని కారు దిగలేక దిగడం గుర్తుండే ఉంటుంది. టనెల్‌లో ఇది ఎందుకు కనిపించలేదంటే, రూల్స్ ప్రకారం అక్కడ వాడే మోడల్ అసలు కారులో 60 శాతమే, గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు మించకూడదు. ఎగురుడు మొదలయ్యేది ఆ పైనే. కొలవడానికి వీల్లేని చోట ఆశ పెట్టుకున్నారు. సైడ్‌పాడ్లని తిట్టినంతగా ఎవరూ చాసీని తిట్టలేదు గానీ, అసలు ముడి అక్కడే. సైడ్‌పాడ్ ఎలాగోలా మార్చొచ్చు. డ్రైవర్ కూర్చునే చోటు, పక్క నుంచి గుద్దితే కాపాడే నిర్మాణం ఉన్న చోటు మారాలంటే కొత్త చాసీ కావాలి. 2023 మొనాకోకి సైడ్‌పాడ్లు మార్చుకున్నా, మరీ ముందుకు కూర్చున్నానన్న హామిల్టన్ ఫిర్యాదు తీరడానికి 2024 కారు రావాల్సి వచ్చింది. 2022లో రసెల్ బ్రెజిల్‌లో గెలిచిన ఒక్క రేసు, 2023లో సున్నా. అంతకు ముందు వరసగా ఎనిమిదిసార్లు టీముల టైటిల్ కొట్టినవాళ్ళు.

2015 మెక్‌లారెన్-హోండా ఇంకా ఘోరం. కారు వెనక భాగం వీలైనంత సన్నగా ఉండాలని మెక్‌లారెన్ కోరిక. అందుకోసం హోండా టర్బో కంప్రెసర్‌ని ఇంజిన్ రెండు సిలిండర్ వరసల మధ్య లోయలో ఇరికించింది. లోయ వెడల్పు ఎంతో కంప్రెసర్ వెడల్పు అంతే. అంటే గాలి తక్కువ, ఎగ్జాస్ట్ నుంచి లాగే విద్యుత్తూ తక్కువ, పొడుగు స్ట్రెయిట్ సగంలోనే బ్యాటరీ అయిపోయేది. పెద్ద కంప్రెసర్ పెడదామంటే చోటు లేదు, చోటు చేద్దామంటే ఇంజిన్ మొత్తం మార్చాలి, మార్చడానికి అప్పట్లో టోకెన్ల లెక్కన రూల్ పరిమితి. బెల్జియంలో ఇంజిన్ భాగాలు మార్చినందుకు ఇద్దరు డ్రైవర్లకీ కలిపి 105 గ్రిడ్ స్థానాల (రేసు మొదలయ్యే వరసలో వెనక్కి జరిపే) పెనాల్టీ పడింది. గ్రిడ్‌లో ఉండేదే 20 కార్లు! ఏడాది మొత్తానికి 27 పాయింట్లు, తొమ్మిదో స్థానం. జపాన్‌లో, హోండా సొంత ట్రాక్ మీదే, ఇది కింది తరగతి రేసుల ఇంజిన్‌లా ఉందని మెక్‌లారెన్ డ్రైవర్ అలొన్సో రేడియోలో అరిచాడు. ప్రపంచమంతా హోండాని చూసి నవ్వింది. 2018లో మెక్‌లారెన్ హోండాని వదిలించుకుని రెనో ఇంజిన్ పెట్టుకుంది. అదే ఇంజిన్‌తో రెడ్ బుల్ ఆ ఏడాది నాలుగు రేసులు గెలిస్తే మెక్‌లారెన్ 62 పాయింట్లతో ఆరో స్థానంలో ఆగింది. అప్పుడు గానీ తమ చాసీ గొప్పదన్న భ్రమ తొలగలేదు. హోండా ఇంజిన్ మాత్రం 2021లో రెడ్ బుల్ కారులో వెర్‌స్టాపెన్‌ని చాంపియన్ చేసింది. నింద ఎవరి మీద పడుతుందో, తప్పు ఎక్కడుంటుందో చూసుకోండి.

మన ఊళ్ళో కూడా ఈ కథ ఒక ముక్క నడిచింది, చాలామంది గమనించలేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల ట్రాక్ మీద విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది. ఎన్టీఆర్ మార్గ్ వైపు స్టాండ్‌లో ఎండలో కూర్చుని చూశాను. కార్లకి చప్పుడు లేదని జనం నిరాశపడ్డారు, ట్రాఫిక్ గురించి ఊరంతా తిట్టుకుంది. (రెండో ఏడు రేసు రద్దయింది, ఆ వ్యవహారం ఇప్పుడు కేసుల్లో ఉంది. అందులోకి నేను పోను.) గెలిచింది జాన్ ఎరిక్ వెర్న్. అందరూ చప్పట్లు కొట్టింది మాత్రం మహీంద్రా కార్లకి. ఆ సీజన్ మొదటి రేసులో, మెక్సికోలో, మహీంద్రా డ్రైవర్ డి గ్రాసి పోల్ కొట్టి మూడో స్థానం తెచ్చాడు కాబట్టి ఆశ ఎక్కువగానే ఉండింది. హైదరాబాద్ అయిన రెండు వారాలకి కేప్‌టౌన్‌లో వెనక సస్పెన్షన్ మీద అనుమానం వచ్చి, భద్రత కోసం రెండు మహీంద్రా కార్లనీ, వాళ్ళ సామాను కొనుక్కుని వాడుతున్న ఆప్ట్ కుప్రా టీం కార్లనీ రేసు నుంచి తప్పించారు. ఆ తరం కార్లలో ముందు భాగం అందరికీ ఒకటే. వెనక మోటార్, గేర్‌బాక్స్, సస్పెన్షన్ మాత్రం ఎవరికి వారు చేసుకోవాలి. ఒకసారి హోమోలోగేషన్ (డిజైన్‌కి అధికారిక ఆమోద ముద్ర) అయ్యిందా, రెండేళ్ళు హార్డ్‌వేర్ తాళం పడినట్టే. సాఫ్ట్‌వేర్ మార్చుకోవచ్చు, లోహం మార్చడానికి భద్రత లాంటి కారణం చూపించి అనుమతి తెచ్చుకోవాలి. ఆ ఏడాది మహీంద్రా 11 టీముల్లో పదో స్థానం. డ్రైవర్ రోలాండ్ మధ్యలోనే వెళ్ళిపోయాడు. తర్వాతి హోమోలోగేషన్‌కి కొత్త హార్డ్‌వేర్ పెట్టుకున్నాక, 2024-25లో అదే టీం నాలుగో స్థానానికి ఎక్కింది. స్టాండ్‌లో నా వెనక కూర్చున్నాయన "మనోళ్ళకి రేసింగ్ ఎక్కడొస్తుంది" అన్నాడు. రూల్ పుస్తకం తాళం తీసేదాకా ఎంత వచ్చినా చేసేది లేదు.

నా వాదనకి రెండు అభ్యంతరాలున్నాయి, రెండూ గట్టివే. మొదటిది, ఖాళీలు వదిలితే వేగం పోతుంది. అంచు దాకా పోనివాడు గెలవడు. ఒప్పుకుంటాను. 2025లో అందరికంటే ముందున్న మెక్‌లారెన్ కూడా లాస్ వేగాస్‌లో ఇదే పలక అరుగుదలతో దొరికింది. మనకి ఆదివారం పొద్దున్న నోరిస్ రెండో స్థానంలో, పియాస్ట్రి నాలుగో స్థానంలో ముగిస్తే, మధ్యాహ్నానికి ఇద్దరూ లిస్టులో లేరు. 2023 ఆస్టిన్‌లో ఒకే రోజు హామిల్టన్, లెక్లెర్ ఇద్దరూ వేరే వేరే టీముల్లో ఉండి ఇదే తప్పుకి బయటికి పోయారు. అంచు మీద నడిచేవాళ్ళు పడుతుంటారు. తేడా పడ్డాకే తెలుస్తుంది. వేగాస్ తర్వాత వారమే మెక్‌లారెన్ ఖతార్‌లో మళ్ళీ గెలవగల వేగంతో నడిచింది, పిట్ స్టాప్ పిలుపులో బుర్ర పనిచెయ్యక ఓడింది గానీ. ఫెరారీ చైనాలో పడ్డాక ఆ ఏడాదిలో పూర్తిగా లేవలేదు.

రెండో అభ్యంతరం డ్రైవర్ల మీద. అదే కారులో లెక్లెర్ ఏడు పోడియాలెక్కి 242 పాయింట్లు తెచ్చాడు. హామిల్టన్‌కి 156, కెరీర్‌లో మొదటిసారి పోడియం లేని ఏడాది. హంగరీలో లెక్లెర్ పోల్ కొట్టిన శనివారమే ఇతను పన్నెండో స్థానంలో ఆగి, నేను పనికిరాను, డ్రైవర్‌ని మార్చుకోండన్నట్టు మాట్లాడాడు. ఈ 86 పాయింట్ల తేడా కారుది కాదు, హామిల్టన్‌దే. అందులో వాదన లేదు. కానీ లెక్లెర్ లాంటివాడు తన కెరీర్ మొత్తంలో బాగా నడిపిన ఏడాదుల్లో ఒకదానిలో కూడా గెలవలేకపోయాడంటే లోపం కారులోనే ఉన్నట్టు. పోనీ హామిల్టన్ అతనంత పాయింట్లు తెచ్చాడనుకుందాం, మొత్తం 484. రెండో స్థానం దొరికేది, మెక్‌లారెన్ 833కి ఎక్కడా దగ్గర కాదు. అదే హామిల్టన్ సీజన్ మధ్యలో కారు గురించి, టీం పనితీరు గురించి డాక్యుమెంట్లు రాసి ఇచ్చానని బెల్జియంలో విలేకర్లకి చెప్పాడు. ఆ మాట విని మా గ్రూపులో నవ్వారు, రిటైరయ్యాక క్లర్కు ఉద్యోగానికి ప్రాక్టీసా అని. ఏడు టైటిళ్ళు గెలిచిన మనిషి కారులో ఏం తెలుస్తోందో కాగితం మీద పెట్టి ఇస్తే, అంతకంటే చవకైన సెన్సర్ ఏ ఫ్యాక్టరీలోనూ దొరకదు.

2026 సీజన్‌కి మొదటి రేసు మార్చిలో మెల్‌బోర్న్‌లో. ఫ్లోర్ కింద సొరంగాలు పోతున్నాయి, కాబట్టి మిల్లీమీటర్ల ఎత్తు కోసం ఇంత పోరాటం ఉండకపోవచ్చు. ఇరుక్కుపోయే చోటు ఈసారి ఇంజిన్‌లోకి మారుతోంది. శక్తిలో సగానికి దగ్గరగా విద్యుత్తు నుంచి, మిగతాది ఇంజిన్ నుంచి, అన్నీ కొత్తవి, హోమోలోగేషన్ తాళాలూ ఉన్నాయి. అయితే రూల్స్ రాసినవాళ్ళు 2015ని మర్చిపోలేదు. కొన్ని రేసులకోసారి ఇంజిన్ల బలం కొలిచి, ఒక హద్దు మించి వెనకబడ్డ తయారీదారుకి తాళం తీసి అదనంగా మార్పులు చేసుకునే అవకాశం ఇస్తామని రాశారు. హోండాకి ఆనాడు దొరకని వీలు ఇది. ఈ ఏడాది నాకు అన్నిటికంటే ఆసక్తిగా ఉన్న రూల్ ఇదే. ఎవరు దాని కోసం కావాలని వెనకబడినట్టు నటిస్తారో కూడా చూడాలి. గ్రూపులో దీని గురించి పెద్ద మెసేజ్ పెడితే ఒక్కడూ పట్టించుకోలేదు, అందరూ కొత్త కార్ల రంగుల మీద కొట్టుకుంటున్నారు.